జపాన్ కొండపల్లెలు (హిదా, షిరకావాగో): అమ్మానాన్నలతో ఏ కాలంలో వెళ్తే మంచిది?

శ్రీలత_హైదరాబాద్ | జనవరి 11, రాత్రి 9:12

అందరికీ నమస్తే. మా తమ్ముడు నగోయాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ ఏడాది అమ్మానాన్నలను తీసుకుని వెళ్దామనుకుంటున్నాం. టోక్యో, క్యోటో ఎలాగూ చూస్తాం. నాన్న మాత్రం ఒక్కటే అడిగారు: "అక్కడి పల్లెటూరు ఒకటి చూపించండి, చాలు." ఆయన ముప్పై ఏళ్లు ఊళ్లో బడిపంతులుగా చేశారు, పక్కనే వ్యవసాయం. నగరంలో రెండు రోజులుంటే ఆయనకు ఊపిరాడదు.

తమ్ముడు హిదా కొండల్లోని షిరకావాగో అనే పల్లె ఫోటోలు పంపాడు. మంచులో సగం మునిగిన గడ్డి ఇళ్లు చూసి నాన్న ఫోన్ కింద పెట్టలేదు. మాకు కుదిరే సమయాలు మూడు: ఫిబ్రవరి, ఏప్రిల్ చివర, అక్టోబర్. నాన్నకు 69, అమ్మకు 64, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. పైగా పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. కొండప్రాంతానికే ఐదు రోజులు ఇవ్వగలం. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

చరణ్_టోక్యో | జనవరి 11, రాత్రి 10:05

అక్కా, నేను రెండేళ్ల క్రితం ఫిబ్రవరిలో వెళ్లాను. హిదాలోని తకయామా పట్నం నుంచి బస్సులో 50 నిమిషాలు. దిగి పైన వ్యూపాయింట్‌కి వెళ్లి ఫోటో తీసుకుంటే అయిపోయినట్టే, మూడు గంటలు చాలు. జనం విపరీతం, నిలబడే చోటు లేదు. ఐదు రోజులు అక్కడ ఏం చేస్తారు? రెండు రోజులు పెట్టుకుని మిగతావి ఒసాకాకి ఇవ్వండి.

వెంకట్_నగోయా | జనవరి 12, ఉదయం 7:30

శ్రీలత గారూ, నేను తొమ్మిదేళ్లుగా నగోయాలో ఉంటున్నాను. హిదా వైపు ఎన్నిసార్లు వెళ్లానో లెక్క పెట్టుకోలేదు, పాతిక సార్లు దాటే ఉంటుంది. ఒక్క మాట ముందే చెబుతాను. ఏ కాలంలో వెళ్లినా సరే, ఒక రాత్రి ఆ ఊళ్లో పడుకోండి. పగలు బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోయేవాళ్లకి షిరకావాగో ఒక ఎగ్జిబిషన్‌లా కనిపిస్తుంది. సాయంత్రం చివరి బస్సు వెళ్లిపోయాక అది మళ్లీ ఊరు అవుతుంది. ఎవరో ఇంటి ముందు కాలవలో ముల్లంగి కడుగుతుంటారు. సైకిల్ మీద ఓ ముసలాయన పొలం నుంచి వస్తాడు. మీ నాన్నగారు అడిగిన పల్లెటూరు అదే.

ఇక కాలాల సంగతి. చలికాలం గురించే అందరూ అడుగుతారు కాబట్టి ముందు అదే చెబుతాను. డిసెంబర్ చివర నుంచి మార్చి మొదటి వరకు మంచు ఉంటుంది. ఒగిమాచిలో (షిరకావాగోలో అందరూ చూసే ఊరి అసలు పేరు ఇది) మనిషి ఎత్తు మంచు పేరుకోవడం మామూలే. జనవరి, ఫిబ్రవరిలో కొన్ని ఎంపిక చేసిన సాయంత్రాలు మాత్రమే ఇళ్లకు లైట్లు వేస్తారు. 2019 నుంచి ఆ రోజులకు ముందస్తు రిజర్వేషన్ లేకుండా రానివ్వడం లేదు. ఇప్పుడు ప్రయత్నించినా ఈ ఫిబ్రవరికి దొరకదు. దొరకలేదని బాధపడకండి. లైట్లు లేని మామూలు రాత్రి, మంచు పడుతుంటే, ఆ ఊళ్లో వినపడేది నీళ్ల చప్పుడొక్కటే. ఇళ్ల మధ్య కాలవలు ఉంటాయి కదా, మంచు కింద నుంచి అవి పారుతూనే ఉంటాయి. నాకు అంత నిశ్శబ్దం ఇంకెక్కడా దొరకలేదు.

వసంతం అక్కడ ఆలస్యంగా వస్తుంది. టోక్యోలో చెర్రీ పూలు రాలిపోయిన రెండు మూడు వారాలకు ఇక్కడ పూస్తాయి. ఏప్రిల్ చివర కొండల మీద మంచు, కింద పూలు, మడుల్లో నీళ్లు. మే చివర నాట్లు వేస్తారు. నాట్లకు ముందు నీళ్లు పెట్టిన మడిలో ఆ ఇళ్ల నిటారు పైకప్పులు తలకిందులుగా కనిపిస్తాయి. పొద్దున ఆరింటికి గాలి లేనప్పుడు చూడాలి.

వేసవి గురించి పెద్దగా చెప్పను. జూన్, జులై సగం వరకు వానలు, ఆగస్టులో పగలు ఎండ బాగానే ఉంటుంది, రాత్రికి చల్లబడుతుంది. పెద్దవాళ్లతో అయితే ఇంకా పైకి, కామికోచికి వెళ్లాలి. 1500 మీటర్ల ఎత్తులో లోయ, అజుసా నది నీళ్లలో రాళ్లు లెక్కపెట్టొచ్చు. ఏప్రిల్ మధ్య నుంచి నవంబర్ 15 వరకే తెరిచి ఉంటుంది, సొంత కార్లు రానివ్వరు, బస్సులే.

అక్టోబర్‌లో కోతలు. మధ్యలో షిరకావాగో గుళ్లలో దోబురోకు పండుగ, వడకట్టని తెల్లటి బియ్యపు మద్యాన్ని దేవుడికి పెట్టి వచ్చినవాళ్లకు పోస్తారు. నెల చివర ఆకులు ఎరుపెక్కుతాయి. నవంబర్ నాకు అన్నిటికంటే ఇష్టం, దాని గురించి వేరేగా రాస్తాను, ఇప్పుడు ఆఫీసుకి వెళ్లాలి.

ఉమ_నాగానో | జనవరి 12, మధ్యాహ్నం 1:18

శ్రీలత గారూ, మీ అమ్మగారి తిండి గురించి నేను చెబుతాను. మా అత్తగారు కూడా అంతే, అందుకే ఈ కష్టం నాకు బాగా తెలుసు.

"నికు నషి" అంటే మాంసం వద్దు అని. అలా చెబితే మాంసం తీసేస్తారు కానీ చేప రసం అలాగే ఉంటుంది. దాదాపు ప్రతి పులుసులో, సోబా అనే నూడుల్స్ నంజుకునే రసంలో, కూరలు ఉడికించే నీళ్లలో దాషి ఉంటుంది. అందులో ఎండబెట్టి తురిమిన చేప పడుతుంది. "కత్సువో దాషి వద్దు, కొంబు దాషి అయితే పరవాలేదు" అని జపనీస్‌లో రాయించి, గది బుక్ చేసేటప్పుడే పంపండి. కొంబు అంటే సముద్రపు నాచు. అక్కడికి వెళ్లాక చెబితే చిన్న ఇళ్లలో ఏమీ చేయలేరు, వాళ్లు పొద్దున్నే సరుకులు తెచ్చుకుని లెక్కగా వండుతారు. కొందరు ముందే మావల్ల కాదని చెప్పేస్తారు, అదే మేలు.

తకయామాలో షోజిన్ వంట దొరికే చోట్లు ఉన్నాయి. బౌద్ధ సన్యాసుల భోజనం అది, మాంసం చేపలు ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వెయ్యరు. మా అత్తగారు జపాన్‌లో మొదటిసారి కడుపునిండా తిన్నది అక్కడే. ఏప్రిల్ చివర అయితే కొండ ఆకుకూరలు వస్తాయి: ఫుకినోతో మొగ్గలు, చుట్ట తిరిగిన కొగొమి, తారనొమె చిగుళ్లు. ఫుకినోతో చిరుచేదుగా ఉంటుంది, కాకరకాయ ఇష్టపడేవాళ్లకి వెంటనే నచ్చుతుంది. కాకపోతే వీటిని ఎక్కువగా తెంపురా వేస్తారు, అంటే పిండిలో ముంచి వేయిస్తారు, ఆ పిండిలో గుడ్డు కలుపుతారేమో అడగాలి.

ఇంకోటి హోబా మిసో. పెద్ద ఎండుటాకు మీద మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) పెట్టి, కింద చిన్న నిప్పుల కుంపటి ఉంచి కాలుస్తారు. ఆకు కమురు వాసన మిసోకి పడుతుంది. దాని మీద గొడ్డుమాంసం కూడా వేస్తారు కాబట్టి చూసుకోండి.

వీధిలో పుల్లకి గుచ్చి కాల్చే మితరాషి దాంగో పిండి ఉండలు తినొచ్చు. వేరేచోట్ల తియ్యటి పాకం పోస్తారు, తకయామాలో ఉప్పటి సోయా పూత పూసి కాలుస్తారు. చిన్న రైస్ కుక్కర్ ఒకటి పెట్టుకోండి, బియ్యం అక్కడే కొనండి. కందిపొడి, ఆవకాయ, పులిహోర పేస్టు తెచ్చుకోండి. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి, పండ్లు, ఎలాంటి మాంసం పచ్చళ్లు సామాన్లో పెట్టకండి, ఎయిర్‌పోర్టులో తీసేస్తారు.

చరణ్_టోక్యో | జనవరి 12, సాయంత్రం 6:40

వెంకట్ అన్నా, మీరు చెప్పింది బాగానే ఉంది. కానీ గడ్డి ఇళ్లు మన ఊళ్లలోనూ ఉండేవి కదా. దానికి యునెస్కో గుర్తింపు దాకా ఎందుకు వెళ్లింది? నాకు ఆ రోజు అర్థం కాలేదు, నిజంగానే అడుగుతున్నాను.

వెంకట్_నగోయా | జనవరి 12, రాత్రి 11:20

చరణ్, మంచి ప్రశ్న అడిగావు. 1995లో ఒగిమాచితో పాటు పక్కన తొయామా జిల్లాలో ఉన్న గొకయామా ఊళ్లు ఐనొకురా, సుగనుమాలను కూడా యునెస్కో జాబితాలో చేర్చారు. ఇళ్ల శైలిని గాష్షో జుకురి అంటారు, గాష్షో అంటే నమస్కారానికి జోడించిన చేతులు. కప్పు దాదాపు 60 డిగ్రీల వాలుతో ఉంటుంది. అక్కడి మంచు నీరు పట్టి బరువుగా ఉంటుంది, వాలు తక్కువైతే ఇల్లు కూలుతుంది. ఇళ్లన్నీ ఒకే దిక్కుకి కట్టారు, కప్పు రెండు వైపులా తూర్పు పడమరల ఎండ తగలాలని, లోయలో వీచే గాలికి అడ్డం పడకూడదని. పైకప్పు చట్రంలో మేకు ఉండదు. తాళ్లు, నెసో అనే పచ్చి కొమ్మలతో కడతారు. ఆ కొమ్మ ఎండేకొద్దీ బిగుస్తుంది.

కప్పు అంత ఎత్తుగా ఉండటంతో లోపల అటకలు రెండు మూడు అంతస్తులు వచ్చాయి. అక్కడ పట్టుపురుగులు పెంచేవాళ్లు. కింద పొయ్యి వేడి పైకి పోతుంది, పొగకి గడ్డి పురుగు పట్టదు. ఆ పురుగుల రెట్టను, గడ్డిని, మట్టిని పొయ్యి పక్కన గోతుల్లో ఏళ్ల తరబడి మగ్గబెట్టి సురేకారం తీసేవాళ్లు. గొకయామా సురేకారం "కాగా" అనే సంస్థానం ప్రభువుల తుపాకిమందుకి వెళ్లేది. వరి సరిగా పండని లోయ అలా బతికింది.

కప్పు 30, 40 ఏళ్లకోసారి మార్చాలి. అది ఒక ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. దానికి "యుయి" అనే కట్టుబాటు ఉంది. ఈ ఏడు నీ ఇంటికి ఊరంతా వస్తుంది, వచ్చే ఏడు నువ్వు ఇంకొకరి ఇంటికి వెళ్తావు. మన దగ్గర నాట్లకి, కోతలకి బదులు పని చేసుకునేవాళ్లే, అదే.

నాలుగేళ్ల క్రితం మా ఆఫీసులో పనిచేసే ఒకాయన వాళ్ల బంధువుల ఇంటి కప్పు నేస్తున్నారంటే వెళ్లాను. పైకి ఎక్కే పని నాకివ్వలేదు. రెల్లులాంటి గడ్డి కట్టలు చేతుల మీదుగా అందించే వరుసలో నిలబెట్టారు. మధ్యాహ్నం కాసేపు అటక మీదకి తీసుకెళ్లారు. లోపల చీకటి, మసి పట్టి నల్లగా నిగనిగలాడే వాసాలు. ఓ డెబ్భై ఏళ్ల పెద్దాయన తల పైకెత్తి నిలబడి ఉన్నాడు. బయట నుంచి ఒక కేక వినపడింది. వెంటనే గడ్డిలోంచి మనిషి పొడుగు కర్ర సూది లోపలికి దూసుకొచ్చింది, దాని కంట్లో తాడు. ఆయన తాడు లాగి వాసం చుట్టూ తిప్పి, మళ్లీ సూదికి ఎక్కించి, ఇంకోచోట పైకి పొడిచి తనూ ఒక కేక వేశాడు. పైన ఉన్నవాళ్లు లాగి, దాని మీద కాళ్లతో తొక్కి బిగించారు. ఒకరికొకరు కనపడరు, కేకలే సైగ. సాయంత్రానికి కప్పు ఒక పక్క మొత్తం కొత్త గడ్డి, బంగారు రంగులో. రెండో పక్క పాతది, నాచు పట్టి పచ్చగా.

1971లో ఊరివాళ్లే కూర్చుని మూడు తీర్మానాలు చేసుకున్నారు: అమ్మొద్దు, అద్దెకివ్వొద్దు, పడగొట్టొద్దు. అప్పటికి చుట్టుపక్కల లోయలో ఇలాంటి ఇళ్లు వేగంగా మాయమైపోతున్నాయి. గుర్తింపు వచ్చింది ఆ తర్వాత. మూడు గంటల్లో ఇవన్నీ కనపడవు చరణ్, నీ తప్పు కాదు. అందుకే రాత్రి ఉండమంటున్నాను.

కర్నూలు_రమణ | జనవరి 13, ఉదయం 6:55

నేను ఈ వేదికలో చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ. ఈ మాట మాత్రం చెప్పాలనిపించింది. అమ్మా శ్రీలతా, నువ్వు ఏప్రిల్ చివర ఎంచుకుంటే షిరకావాగోకి దక్షిణాన మిబోరో సరస్సు ఒడ్డున ఆగాలి. అక్కడ రెండు చెర్రీ చెట్లు ఉన్నాయి, షోకావా సకురా అంటారు. ఒక్కోదానికి నాలుగు వందల ఏళ్ల పైనే. మిబోరో డ్యామ్ కట్టినప్పుడు షోకావా లోయలో ఊళ్లు నీటమునిగాయి. ఆ ఊళ్ల గుళ్ల ఆవరణల్లో ఉన్న చెట్లు ఇవి. 1960లో వాటిని వేళ్లతో సహా తవ్వి, కొండ మీదకి లాక్కొచ్చి నాటారు. అంత పెద్ద చెట్లు బతకవన్నారు. మరుసటి వసంతంలో చిగురు వేశాయి.

మాది నందికొట్కూరు దగ్గర. మా అమ్మ పుట్టిన ఊరు శ్రీశైలం ప్రాజెక్టులో పోయింది. 1981లో ఇళ్లు ఖాళీ చేయించారు, నాకప్పుడు పదకొండేళ్లు. మా అవ్వ గడప చెక్క పీకి బండి మీద వేయించుకుంది. కూడలి సంగమేశ్వర గుడిని రాయి రాయి విప్పి ఆలంపురంలో మళ్లీ కట్టారు. మా ఊరి చింతచెట్టుని ఎవరూ తేలేదు.

మా అబ్బాయి నగోయాలో ఉన్నప్పుడు 2018లో ఆ చెట్ల కిందకి తీసుకెళ్లాడు. ఓ ముసలామె కొమ్మ కింద చాప పరుచుకుని ఒక్కతే కూర్చుని ఉంది. మునిగిన ఊరివాళ్లు పూల సమయంలో వచ్చి కలుసుకునేవారట. నేను ఆమెతో మాట్లాడలేదు, భాష రాదు. పక్కన నిలబడ్డాను. ఆమె చాప కొంచెం జరిపింది. కూర్చున్నాను.

శ్రీలత_హైదరాబాద్ | జనవరి 13, రాత్రి 8:02

రమణ గారూ, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఏప్రిల్‌లోనే వెళ్దాం" అన్నారు. ఆయన తోటి టీచర్లు ఇద్దరు అలా మునిగిన ఊళ్లవాళ్లేనట, మాకెప్పుడూ చెప్పలేదు.

కాబట్టి ఏప్రిల్ చివర ఖాయం. ఇప్పుడు అమ్మ మోకాళ్ల గురించి టెన్షన్. కింద కూర్చోవడం, మెట్లు, నేల మీద పడక ఎలా ఉంటాయి? ఆ ఇళ్లల్లో చలి ఉంటుందా?

లక్ష్మీప్రసన్న | జనవరి 14, మధ్యాహ్నం 3:30

మేము మా నాన్నగారితో (74) మార్చిలో గడ్డి ఇంట్లో ఉన్నాం. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

గదుల మధ్య గోడలు ఉండవు, కాగితం తలుపులు. పక్క గదిలో దగ్గితే వినపడుతుంది. కొన్ని ఇళ్లలో తలుపుకి గడియ కూడా ఉండదు. టాయిలెట్, స్నానాల గది అందరికీ కలిపే, కానీ శుభ్రంగా ఉంటాయి. భోజనం సరిగ్గా ఆరింటికి, ఆలస్యంగా వెళ్తే ఇంటావిడ కష్టపడుతుంది. పడక నేల మీదే. మా నాన్నగారికి రాత్రి లేవడం కష్టమైంది, రెండు పరుపులు ఒకదాని మీద ఒకటి వేయమంటే వేశారు. భోజనానికి పొట్టి కుర్చీ అడిగితే చాలాచోట్ల ఇస్తారు. ఏప్రిల్ చివరలో కూడా రాత్రి చలి ఉంటుంది, స్వెట్టర్లు తప్పనిసరి.

నా సలహా: ఒక్క రాత్రి మాత్రమే గడ్డి ఇంట్లో ఉండి, మిగతా రాత్రులు తకయామాలో మంచం ఉన్న హోటల్లో ఉండండి. అటకలు చూపించే ఇళ్లలో మెట్లు నిచ్చెనల్లా ఉంటాయి, అమ్మగారిని కింద పొయ్యి దగ్గరే కూర్చోబెట్టండి. వ్యూపాయింట్‌కి నడవక్కర్లేదు, ఊళ్లోంచి చిన్న షటిల్ బస్సు ఉంటుంది.

మోకాళ్లకి ఓకుహిదా వేడినీటి బుగ్గల్లో ఒక పూట గడపండి. వాటిలో హిరాయు అనే ఊరు తకయామా నుంచి గంట దారి. బట్టలు లేకుండా దిగాలి, ఆడవాళ్లకి వేరే, మగవాళ్లకి వేరే. అమ్మగారికి మొహమాటం అయితే గంటకి అద్దెకిచ్చే విడి తొట్లు దొరుకుతాయి, అవి అడగండి. రోడ్డు పక్కన కాళ్లు మాత్రమే పెట్టుకునే తొట్లు కూడా ఉంటాయి.

చరణ్_టోక్యో | జనవరి 14, రాత్రి 9:47

వెంకట్ అన్న రాసింది చదివాక నా ఫోటోలు మళ్లీ తీసి చూశాను. ఒక ఫోటోలో వెనకాల కప్పు మీద ఇద్దరు మంచు లాగుతున్నారు. ఆ రోజు వాళ్లను నేను చూడనే లేదు.

అక్కా, ఒక జాగ్రత్త. ఆ రోజు నా చివరి బస్సు తప్పింది. శని, ఆదివారాల సమయాలకి, మామూలు రోజుల సమయాలకి తేడా ఉంది, నేను వేరే పేజీ చూసుకున్నాను. మంచులో గంటన్నర నిలబడి చివరికి టాక్సీలో వెళ్లాను, బస్సు టికెట్‌కి ఎన్నో రెట్లు అయింది. కొన్ని బస్సులకి ముందే సీటు బుక్ చేయాలి. టైమ్‌టేబుల్ ఫోటో తీసి పెట్టుకోండి.

అనిల్_ఫోటోగ్రఫీ | జనవరి 15, ఉదయం 10:10

రెండే మాటలు. డ్రోన్ ఎగరేయకూడదు. కిటికీల్లోకి, పెరట్లోకి కెమెరా పెట్టకూడదు, అక్కడ మనుషులు బతుకుతున్నారు. పొగ తాగేవాళ్లుంటే గుర్తించిన చోటే తాగాలి, ఊరంతా ఎండుగడ్డి. చలికాలంలో చూరు కింద నిలబడొద్దు, కప్పు మీద మంచు ఒక్కసారిగా జారుతుంది, నా స్నేహితుడు వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు.

వెంకట్_నగోయా | జనవరి 18, ఉదయం 9:15

నవంబర్ గురించి రాస్తానన్నాను. శ్రీలత గారికి ఇప్పుడు పనికిరాదు గానీ ఎవరైనా వెతుక్కుంటూ వస్తారని రాస్తున్నాను.

నవంబర్ మొదట్లో ఒగిమాచిలో అగ్నిమాపక నీటి గొట్టాలన్నీ ఒకేసారి తెరిచి పరీక్షిస్తారు. ఊళ్లో అలాంటివి యాభైకి పైగా ఉన్నాయి. ఇళ్ల మీదుగా నీటి తెరలు లేస్తాయి. అంతా ఐదు నిమిషాల వ్యవహారం, చూడటానికి వచ్చేవాళ్లు మాత్రం వేలల్లో. నాకు ఇష్టమైంది దాని తర్వాతి వారాలు. ఎర్ర ఆకులు రాలిపోయి ఉంటాయి, ఇంకా మంచు పడలేదు, టూరిస్టులు రారు. ఊరు చలికాలానికి సిద్ధమవుతుంటుంది. ఇళ్ల చుట్టూ పలకలు బిగిస్తారు. కొండవాలుల్లో కప్పు గడ్డి కోసి కట్టలు కడతారు. చూరు కింద తొక్కతీసిన పెర్సిమన్ పళ్లు (అక్కడ "కాకి" అంటారు) దండలుగా వేలాడుతుంటాయి. ప్రతి ఇంట్లో ముల్లంగిలాంటి ఎర్ర దుంపలు ఊరగాయ పెడతారు, హిదా ఎర్రదుంప ఊరగాయ అది, ఎరుపంతా తొక్కలోని రంగే, ఉప్పులో ఊరేకొద్దీ దుంప లోపలిదాకా పట్టుకుంటుంది.

తకయామాలో సాకే (బియ్యపు మద్యం) తయారుచేసే ఇళ్ల ముందు సుగిదామా అని సుగి చెట్టు కొమ్మల ఉండ వేలాడుతుంది. కొత్త సరుకు వచ్చినప్పుడు పచ్చటి ఉండ కడతారు, ఏడాది తిరిగేసరికి గోధుమరంగు అవుతుంది. నేను తాగను, కానీ వెళ్లినప్పుడల్లా ఆ ఉండ రంగు చూస్తాను.

కారులో వెళ్లేవాళ్లకి: మన దేశంలో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ జపాన్‌లో చెల్లుతుంది, ఇక్కడా ఎడమవైపే నడపాలి. నవంబర్ చివర నుంచి మంచు టైర్లు లేకుండా ఆ కొండల్లోకి వెళ్లొద్దు. 2008లో తోకై హొకురికు ఎక్స్‌ప్రెస్‌వే పూర్తయ్యాక, పది కిలోమీటర్లకు పైగా ఉన్న హిదా సొరంగం వచ్చాక, దారి తేలికైంది. అంతకుముందు చలికాలంలో ఈ లోయకి రావడమే గగనం.

పద్మజ_మదనపల్లె | జనవరి 18, సాయంత్రం 4:26

పట్టుపురుగుల మాట చదివి ఆగలేకపోయాను. మా ఇంట్లో నాకు పెళ్లయ్యేదాకా పట్టుపురుగులు పెంచాం. రాత్రి అవి మల్బరీ ఆకు తింటుంటే సన్న వాన పడుతున్నట్టు చప్పుడు. ఆ అటకల్లోనూ అదే చప్పుడు ఉండేదన్నమాట. ఇప్పుడు అక్కడ ఎవరైనా పెంచుతున్నారా వెంకట్ గారూ?

వెంకట్_నగోయా | జనవరి 18, రాత్రి 10:01

బతుకుతెరువుగా పెంచడం పోయిందండి. తట్టలు, చట్రాలు, పట్టుదారం తీసే రాట్నాలు అటకల మీద ప్రదర్శనకి పెట్టారు. మీలాంటివాళ్లు చూస్తే ఒక్కోదాని పని చెప్పగలరు. నేను వాన చప్పుడు మాట ఇప్పుడే మొదటిసారి విన్నాను. ఈసారి అటక ఎక్కినప్పుడు గుర్తుకొస్తుంది.

ఉమ_నాగానో | ఫిబ్రవరి 2, ఉదయం 11:35

శ్రీలత గారూ, ఒక మాట మరిచాను. తకయామా వసంత పండుగ ఏప్రిల్ 14, 15. మీరు చివరలో వెళ్తున్నారు కాబట్టి 12 రథాలు వీధిలో కనపడవు. ఆ రథాలనే అక్కడ యతాయి అంటారు, కొన్నిటి మీద తాళ్లతో ఆడించే బొమ్మలుంటాయి. అక్టోబర్ 9, 10 తేదీల్లో 11 రథాలతో మరో పండుగ. మేము వెళ్లినప్పుడు వాన, రథాలు ఒక్కటీ కదల్లేదు, లక్క పాడవుతుందని వానలో బయటికి తీయరు. పిల్లలు ఏడుపు. అయితే ఊరిమధ్య పొడుగాటి తలుపుల రథశాలలు తెరిచి ఉంచారు, దగ్గరగా చూశాం. మీరు వెళ్లినప్పుడు హాచిమాన్ గుడి పక్కన ప్రదర్శనశాలలో కొన్ని అసలు రథాలు చూడొచ్చు. మియాగావా ఏటి ఒడ్డున పొద్దుటి సంత తప్పకుండా చూపించండి, నాన్నగారికి నచ్చుతుంది. రైతులే కూర్చుని అమ్ముతారు.

గోల్డెన్ వీక్ అనే వరుస సెలవులు ఏప్రిల్ 29న మొదలవుతాయి, జనం ఎక్కువ. అంతకుముందే బయటపడండి.

శ్రీలత_హైదరాబాద్ | మే 6, రాత్రి 10:40

వచ్చేశాం. మీ అందరికీ ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే. ఏప్రిల్ 23 నుంచి 27 వరకు ఉన్నాం. తకయామాలో మూడు రాత్రులు, ఐనొకురాలో ఒక రాత్రి. ఒగిమాచిలో శాకాహారం ఒప్పుకునే ఇల్లు ఖాళీ దొరకలేదు, గొకయామా ఐనొకురాలో దొరికింది. సుమారు ఇరవై గడ్డి ఇళ్లున్న ఊరు. సాయంత్రం నాలుగున్నర తర్వాత మేము నలుగురం, కప్పల అరుపులు, అంతే.

ఇంటావిడ ఉమ గారు చెప్పినట్టు కొంబు రసంతోనే వండింది. ఫుకినోతోని మిసోలో వేయించి పెట్టింది. అమ్మ ఒక ముద్ద తిని "ఇది మన వేపపువ్వు చారు చేదు" అంది. తర్వాత కందిపొడి డబ్బా తీసి ఆవిడకి ఒక చెంచా పెట్టింది. ఇంటాయన నేలలో గుంటలా ఉన్న పొయ్యి దగ్గర కూర్చుని ససర చూపించాడు. 108 చెక్కముక్కలు తాడుకి గుచ్చిన వాయిద్యం అది, రెండు కొసలు పట్టి ఊపితే అలలా కదులుతూ చిడతల్లా మోగుతుంది. వాళ్ల కొకిరికో పాటకి అదే తాళమట, పండుగ సెప్టెంబర్ 25, 26. నాన్న చేతికిచ్చాడు. మొదటి రెండుసార్లు తాడు మెలిపడింది. మూడోసారి మోగింది. ఆయన పాడుతుంటే నాన్న వాయించారు. నాన్న అలా నవ్వగా చూసి నాకు చాలా కాలమైంది.

26న మిబోరో సరస్సు దగ్గరకి తమ్ముడి కారులో వెళ్లాం. రమణ గారూ, చెట్లు సగం విచ్చాయి. కొమ్మలకు ఊతకర్రలు పెట్టి ఉంచారు, మొద్దు మీద బెరడు మడతలు మడతలుగా ఉంది. నాన్న ఒక చెట్టు చుట్టూ తిరిగి, ఎండిపోయిన రెండు రేకులు ఏరి ఆయన డైరీలో పెట్టుకున్నారు. మీ అమ్మగారి ఊరి పేరు చెబితే ఆ పేజీలో రాస్తానంటున్నారు. అడగమన్నారు.

కర్నూలు_రమణ | మే 7, ఉదయం 5:48

మీకు విడిగా పంపానమ్మా. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

వెంకట్_నగోయా | మే 7, రాత్రి 9:30

శ్రీలత గారూ, ఇది చదివాక నాకూ ఐనొకురా వెళ్లాలనిపిస్తోంది, ఎన్నిసార్లు పక్కనుంచి వెళ్లినా అక్కడ రాత్రి ఉండలేదు. నవంబర్ మూడో వారం వెళ్తాను. నగోయా నుంచి కారులో ఇద్దరికి చోటుంది. పద్మజ గారూ, మీరు అప్పటికి ఇటు వచ్చేలా ఉంటే చెప్పండి.